పేరుపడిన రికార్డులు – మన చెవులు

ఒక గ్రంథమునకు గాని, ఒక గానమునకు గాని ఉత్తమమని పేరు వచ్చిన పిమ్మట దానిని చదువువారును, వినువారును తగ్గిపోవుట మన సాహిత్యలోకమున వింత కాదు. మనుచరిత్రము ప్రబంధములలో మేటి అని చెప్పని తెలుగు విద్యార్థి లేడు. దాని ఆరాశ్వాసములు చదివిన విద్యార్థిని మాత్రము వెదకి పట్టుకొనవలెను. గ్రామఫోను రికార్డుల విషయమునను ఇట్లే జరిగినది. ఘంటసాల పాడిన పుష్పవిలాపము, మల్లీశ్వరి పాటలు, సుబ్బులక్ష్మిగారి పంచరత్నమాల, శంకరాభరణము, భగవద్గీత – ఇవి గొప్పవని ఒప్పుకొనుటకు ఎవరికిని అభ్యంతరము లేదు. మొదటినుండి చివరివరకు విన్నారా అని అడిగితిమా, "విననివారెవరండీ?" అని ఎదురుప్రశ్న వచ్చును. గాలిలో తేలివచ్చి చెవిని పడినది వేరు. కూర్చుండి విన్నది వేరు.

గడచిన వేసవి సెలవులలో నేనొక నియమము పెట్టుకొన్నాను. పెద్దలు మెచ్చిన తెలుగు రికార్డులను కొన్నింటిని వరుసగా, ఏ పాటను దాటవేయక, నడుమ మాటాడక, పాఠము దొరికినవానికి పుస్తకము చేతనుంచుకొని వినుట ఆ నియమము. కొన్ని ఫోనులోనే దొరికినవి. కొన్నింటి పాతప్లేట్లు జగిత్యాలలో ఒకప్పుడు మైకుసెట్లు అద్దెకిచ్చిన ఒక పెద్దమనిషి యింట అటకమీద ఉన్నవని విని పోయి అడిగినాను. ఆయన ధూళి దులిపి యిచ్చుచు, "సారూ, గివి ఇప్పుడు ఎవ్వలింటున్నరు? ముల్లే దొర్కుతలేదు" అన్నాడు. ముల్లు ఎట్లో సంపాదించినాము. ఆ వినికిడిలో నాకు కలిగిన అభిప్రాయములను ఉపాధ్యాయ మిత్రులతోను, విద్యార్థులతోను పంచుకొనుట ఈ వ్యాసోద్దేశము. నాది సంగీతశాస్త్ర పరిచయము కాదు. పద్యము చెప్పుకొని బ్రతుకువాని చెవి. ఆ చెవికి తోచినంతవరకే వ్రాయుచున్నాను.

ఇట్టి రచనకు మనలో ఒరవడి లేకపోలేదు. ఆదిలాబాదు జిల్లాలో ఉపాధ్యాయుడుగా జీవితము గడిపిన సామల సదాశివగారు హిందూస్థానీ గాయకులను గూర్చి తేటతెలుగులో వ్రాసిన వ్యాసములు అందరెరిగినవే. "స్వరలయలు" గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. గాయకుని గొప్పవాడని చెప్పి ఊరకుండక, ఆ గొప్పతనము తన చెవికి ఏ దారిన వచ్చినదో చెప్పుట ఆయన పద్ధతి. ఆ దారినే కొంతదూరము నడువవలెనని నా యత్నము.

నా బాల్యమున మా గొల్లపల్లిలో గ్రామఫోను ఒకరి యింటి వస్తువు కాదు, పెండ్లిపందిరి వస్తువు. వేపచెట్టుకు కట్టిన మైకు కొమ్మునుండి వచ్చిన పాట ఊరంతటిది. ప్లేటు ఎవరిదో, పాడినదెవరో పిల్లలకు తెలియదు. ఒకవైపు అయిపోగానే తిరుగవేయు నడిమి నిశ్శబ్దములో కుక్కల అరుపులు వినవచ్చెడివి. నేటి విద్యార్థికి ఆ నిశ్శబ్దమే తెలియదు. ఫోనులో ఒక పాట ముగియకముందే మరియొకటి అందుకొనును. ఒక గాయకుని కంఠముపై మరియొక గాయకుడు వచ్చి నిలుచును. వినువాడు ఎన్నుకొనుట లేదు. ఎవరో ఎన్ని పెట్టినదానిని వినుచున్నాడు.

ఆ నిశ్శబ్దమునకు కారణమైన ప్లేటు కొలతను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మన దేశమున 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ మొదలగువారి గానములతో ఆరంభమైన రికార్డుల యుగములో చాలకాలము వాడుకలో ఉన్నది లక్కతో చేసిన పది అంగుళముల ప్లేటు. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక వైపున మూడు నిమిషములకు కొంచెము పైబడి మాత్రమే పట్టును. అమెరికాలో 1948లో వెలువడిన లాంగ్‌ప్లే రికార్డు తరువాత మనకు వచ్చి వైపునకు ఇరువది నిమిషములు దాటి చోటు కల్పించినది. ఈ మూడు నిమిషముల ఇరుకు రాగాలాపనకు శిక్ష అయినది. పద్యమునకు మాత్రము వరమైనదని నా యభిప్రాయము. రంగస్థలమున హరిశ్చంద్రుడో, శ్రీకృష్ణుడో నాలుగు పాదముల పద్యమెత్తుకొని, మొదటి పాదమునకే ముందు వెనుకల రాగము తీసి తీసి, ప్రేక్షకులు "వన్స్‌మోర్" అనువరకు వదలని రోజులు కలవు. పద్యము మరుగుపడి గమకమే మిగిలెడిది. ప్లేటు అందుకు ఒప్పలేదు. మాట చెప్పి తీరవలసినదే. పీసపాటి నరసింహమూర్తిగారివంటి నటులు రంగముమీదనే మాటకు పట్టము గట్టినారన్నది నిజమే. కాని ఊరూరి సామాన్యజనమునకు పద్యమున మాట ముందు, రాగము వెనుక అని నేర్పినది ప్లేటే.

ఇక పుష్పవిలాపము. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యములను ఘంటసాల పాడిన ఈ రికార్డు పది నిమిషములు నిండనిది. దీనిని వేసవిలో ఎనిమిదిమారులు విన్నాను. మొదట పుస్తకము ముందుంచుకొని విన్నప్పుడు తోచిన విషయ మొకటి. మొదటి ఉత్పలమాలలో మొదటి పాదము చివర ఒక పదము నడిమికి తెగి, దాని శేషము రెండవ పాదమునకు పోవును. తెలుగు పద్యమునకు ఇది సహజమే. పాదాంతమున వాక్యము నిలువవలెనను నియమము మనకు లేదు. కాని తరగతిలో విద్యార్థిచేత చదివించి చూడుడు. పాదము ముగిసినచోట టక్కున ఆగును. పదము రెండు ముక్కలగును. అర్థము మంట గలియును. ఘంటసాల అచట ఆగలేదు. పాదముల గట్టు దాటి అర్థమున్నంత దూరము నడిచి, అర్థము నిలిచినచోట తాను నిలిచినారు. అయినను యతిస్థానము చెవికి తగులుచునే ఉన్నది. ఛందస్సు తెలిసినవానికి తెలియును, తెలియనివానికి హాయిగా ఉండును. ఈ ఒక్క పద్యము పాడిన తీరును శ్రద్ధగా విన్న విద్యార్థికి గణవిభజన అరగంట బోధించినదానికంటె ఎక్కువ తెలియునని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

ఘంటసాల విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులు. శాస్త్రీయ శిక్షణ గల కంఠము కావలసినంత రాగము తీయగలదు, ఇక్కడ తీయలేదు. పద్యములకు ముందును నడుమను మాటలు చెప్పి, ఆ మాటలలోనుండి పద్యములోనికి జారుట ఈ రికార్డులోని గొప్ప సాధనము. మాట ఎక్కడ ముగిసినదో, రాగ మెక్కడ మొదలయినదో గీత గీయలేము. కుంతీకుమారిలోని ఎత్తుగడయు అట్టిదే. ఉద్యానము, అందులో మేడ, మేడపై గది, గది తలుపు, తలుపు తీసిన బాలిక, ఆమె దిగుచున్న మెట్లు – కవి ఒక చంపకమాలలో ఇంత దూరమునుండి ఇంత దగ్గరకు తీసికొనివచ్చినాడు. గాయకుడు తొందరపడక, ఒక్కొక్క గడప దాటుచు మనలను వెంట నడిపించినాడు. కన్నులు మూసికొని విన్నప్పుడు ఆ మెట్లు నాకు కనబడినవి.

ఇంతవరకు మెప్పే. అయిదవమారు విన్నప్పుడు మరియొకటి తోచినది. పుష్పవిలాపమున పూలు మానవుని నిందించుచున్నవి. నింద యనగా అందులో కోపముండును, ఎత్తిపొడుపుండును, తర్కముండును. పుస్తకములో పద్యములను కంఠము లేకుండ చదివినప్పుడు ఆ తర్కము నాకు స్పష్టముగా వినిపించినది. రికార్డులో తర్కము కరగి కన్నీరైపోయినది. పూవు వాదించుట లేదు, ఏడ్చుచున్నది. ఆ ఏడుపు ఎంత మనోహరముగా ఉన్నదనగా, ఎదురాడవలెనని వినువానికి తోచదు. కవి పెట్టిన ప్రశ్నను గాయకుడు జవాబు చేసి యిచ్చినాడు.

ఇది నా ఒక్కని ఊహయేమో చూడవలెనని, సెలవులు ముగిసిన తరువాత రెండు తరగతులలో ఈ పాఠము రెండు విధముల చెప్పినాను. ఒక తరగతికి మొదట రికార్డు వినిపించి పిదప పద్యములు చదివించినాను. వారందరును ఒకే బాణీలో, గొంతు వణికించుచు చదివినారు. దీనిలో కవి ఏమి చెప్పినాడని అడిగితిని. "దుఃఖము" అన్నారు. అంతకుమించి ఒక్కరును చెప్పలేదు. రెండవ తరగతిలో రికార్డు మాట ఎత్తక పద్యములే చదివించి, పదవిభాగము చేయించి, అదే ప్రశ్న వేసినాను. వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "సార్, గట్లయితే బతుకమ్మను ఎట్ల పేర్వాలె? గునుగుపువ్వు, తంగెడుపువ్వు గంపలకు గంపలు తెంపుకొస్తం. పువ్వు ఏడుస్తదని మా అవ్వ ఎన్నడు అనలే" అన్నది.

తరగతి భగ్గుమన్నది. పూవు తెంపిన మరునాడు చెట్టు పూయదా అని ఒకడు. గునుగు తెంపకున్న చేనిలో ఎండిపోవును గదా అని ఒకడు. దేవుని పూజకు కోసినందుకే కవి తప్పుపట్టినాడు గనుక బతుకమ్మకును ఆ తప్పు చెల్లునని మరియొక బాలిక. తీసి నీటిలో వదలుచున్నాము, చెత్తకుప్పలో పారవేయుట లేదు, కాబట్టి చెల్లదని మొదటి పిల్ల. గంట మ్రోగిన తరువాతను వారు లేవలేదు. మరునాడు వారికి రికార్డు వినిపించినాను. నిశ్శబ్దముగా విన్నారు, కొందరి కన్నులు చెమర్చినవి. బతుకమ్మ పిల్ల మాత్రము, "మస్తు పాడిండు సార్. కని నా మాట నాదే" అన్నది. ఆ పిల్ల మాట సరియా, కవి మాట సరియా అన్నది నేను తేల్చలేదు. తేల్చుట నా పనియు కాదు. రికార్డు ముందు వినియుండిన ఆ మాట పుట్టెడిదే కాదని మాత్రము గట్టిగా నమ్ముచున్నాను.

దీనినిబట్టి ఘంటసాలకు ముందు మనకు పద్యము చదువు తీరు లేదని అనుకొనరాదు. మా పొరుగున గోదావరి యొడ్డున ఉన్న ధర్మపురిలో శేషప్పకవి నరసింహ శతకము వ్రాసినాడు. దాని మకుటములో ధర్మపురి పేరే ఉన్నది. అక్షరాలు రాని వృద్ధులు కూడ ఆ సీసపద్యములను పదులకొలది ఒప్పగించుట నా చిన్ననాట మా ప్రాంతమున చూచినాను. వారి బాణీ ఒక్కటే. భక్తి అయినను, నీతి అయినను, దేవునితో పోట్లాట అయినను అదే వరుస. సీసపాదము రెండు సగములుగా విరిగి, ఎత్తుగీతిలో దిగి, మకుటమువద్ద నేలమీద కాలు మోపినట్లు ఆగెడిది. బాణీ అనగా వారికి పాత్ర వంటిది. పాలు పోసినను, అంబలి పోసినను పాత్ర మారదు. భావము వినువాడే వెదకికొనవలెను. రికార్డు పద్యము వచ్చిన తరువాత ఒక్కొక్క పద్యమునకు ఒక్కొక్క రాగము, రాగమునకు తగిన ముఖము వచ్చినవి. లాభమే, కాని పాతబాణీ మూలబడినది. ఇప్పుడు మా ఊళ్ళలో శతకపద్యమును పాతవరుసలో చదువు పెద్దలు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియే. పద్యముల పోటీలకు వచ్చు పిల్లలు సీసమును కూడ పుష్పవిలాపమువలె పాడుచున్నారు. న్యాయనిర్ణేతలు దానికే బహుమానము లిచ్చుచున్నారు.

మల్లీశ్వరిని గూర్చి వ్రాయుటకు నా వద్ద మెప్పు తప్ప మరియొకటి లేదు; అందుచేత తొందరగా చెప్పి ముగింతును. 1951లో వాహినీవారు, బి.ఎన్. రెడ్డిగారి దర్శకత్వమున తీసిన ఈ చిత్రము దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి తొలి చిత్రము. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. పాటలను విడివిడిగా అందరు విని యుందురు. వరుసగా విన్నప్పుడు తెలియునది ఏమనగా, ఇవి కథకు మధ్య పెట్టిన పాటలు కావు, పాటలే కథ. మొదట పిల్లల కేరింత, పిదప యౌవనపు ఎదురుచూపు, అటుపైన రాజాంతఃపురపు గోడకు ఇటొకరు అటొకరు నిలిచి మేఘముతో చెప్పుకొను మాటలు. కాళిదాసు మేఘసందేశమును సంస్కృతము రాని పల్లెజంట నోట పెట్టవలసివచ్చినప్పుడు కృష్ణశాస్త్రిగారు సమాసములన్నియు విప్పి పక్కన పెట్టినారు. భావకవిత్వపు బరువు దిగినది, సుకుమారత నిలిచినది. భానుమతిగారి కంఠమున కొంత పొగరు కలదు. ఆ పొగరు లేకున్న ఆ పాటలు మెత్తబడి పోవునేమో. వాద్యములు చాల తక్కువ. నేటి పిల్లలకు మొదటి రెండు నిమిషములు వెలితిగా ఉండును. ఉండనిండు.

సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల అయిదు లాంగ్‌ప్లే రికార్డుల సంపుటి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు పూనుకొనగా 1980 ప్రాంతమున వెలువడినది. ఇందలి అన్నమాచార్య సంకీర్తనలే నాకు ముఖ్యము. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో గతించిన కవి. ఆయన పాటలు రాగిరేకులమీద చెక్కబడి, తిరుమల ఆలయములోని ఒక అరలో నిద్రించి, 1922లో బయటపడినవి. రేకులు రెండు వేలకు పైచిలుకు. పాటకు రాగముపేరు కలదు. కాని ఆ పాట ఎట్లు నడిచెడిదో చెప్పు స్వరములు చాలవరకు లేవు. మాట మిగిలినది, పాట పోయినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారివంటి మహనీయులు, తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు ఆ మాటలకు మరల స్వరములు కట్టినారు. కనుక మనము వినునది అన్నమయ్య మాట, మన శతాబ్దపు వరుస. మా మైకుసెట్టు పెద్దమనిషి రికార్డును రికార్డనడు, "ప్లేటు" అనును. ఆ మాట విన్నప్పుడెల్ల నాకు రాగిరేకు స్ఫురించును. రేకు మాటను దాచి పాటను పోగొట్టినది. ప్లేటు రెంటిని దాచినది. తాళ్ళపాకవారి కాలమున లక్కప్లేటు ఉండిన – అని ఊహించి లాభము లేదు.

ఆమె తెలుగు ఉచ్చారణ శుద్ధి సుప్రసిద్ధము. ఒత్తులు జారవు, ద్రుతము జారదు. తెలుగువారమైన మనలో ఎందరికి అంతటి శ్రద్ధ కలదో విచారించుకొనవలసినదే. భక్తి విషయమున ఆ గానమునకు ఎదురు లేదు. కాని నా చెవి ఒక వెలితిని కనుగొన్నది. అన్నమయ్య భక్తుడు మాత్రమే కాడు. ఆటకాడు, ఎకసక్కెము చేయును, జాజరలాడును, దంపుళ్ళ పాట పాడును, దేవునితో సరసమునకు దిగును. ఆ పల్లెటూరి అన్నమయ్య ఈ అయిదు రికార్డులలో తలుపు వెలుపలనే నిలిచినాడు. లోపల ధూపదీపములు, పట్టుచీర, నిశ్చలమైన తంబురా. ఇది గాయని లోపమని నేననను. పూజామందిరపు సంపుటిలో జాజరకు తావెక్కడిది? విద్యార్థి మాత్రము ఇంతటితోనే అన్నమయ్యను విన్నానని అనుకొనరాదు.

శంకరాభరణమును గూర్చి నా మాట కొందరికి రుచింపకపోవచ్చును. 1980లో విడుదలయి దేశమంతట మ్రోగిన చిత్రమిది. కె.వి. మహదేవన్ సంగీతమునకు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము, వాణీజయరాం గానమునకు జాతీయ పురస్కారములు వచ్చినవి. బొమ్మ చూడక పాటలు మాత్రము వరుసగా విన్నప్పుడు త్యాగరాజ, రామదాస, మైసూరు వాసుదేవాచార్యుల కృతులు తలయెత్తుకొని నిలిచినవి. చిత్రము కొరకు వేటూరి వ్రాసినవానిలో కొన్ని వానితో సమముగా నడిచినవి, కొన్ని చిత్రములోని సన్నివేశము తోడు లేనిదే నిలువలేకపోయినవి. శాస్త్రీయ సంగీతము గొప్పదని వాదించు పాటకంటె, శాస్త్రీయముగా ఊరక పాడిన పాట ఎక్కువ ఒప్పించును. బాలసుబ్రహ్మణ్యముగారు గురుకులవాసము చేసి నేర్చిన విద్వాంసులు కారు. అట్టివారు ఈ భారము మోసిన తీరు ఆశ్చర్యకరము. వారి ఊపిరి బలము పాఠము చెప్పు ప్రతివాడును ఈర్ష్యపడవలసినది. సంగీతము మీది ప్రేమను ఇంటింటికి చేర్చిన రికార్డు అని ఒప్పుకొందును. ఉత్తమోత్తమమను బిరుదు దీనికంటె మల్లీశ్వరికే చెల్లునని నా తీర్పు.

అన్నింటికంటె వినుటకు కష్టమైనది భగవద్గీత. కష్టము గానములో లేదు, మన ఆచారములో ఉన్నది. ఘంటసాల చివరి దినములలో పాడి, 1974 ఫిబ్రవరి 11న ఆయన గతించిన తరువాత హెచ్.ఎం.వి.వారు వెలువరించిన రికార్డు ఇది. ఏడు వందల శ్లోకములలో నూటికి కొంచెము పైబడిన శ్లోకములను ఏరి, తెలుగు తాత్పర్యముతో పాడినారు. ఏ ముహూర్తమున ఎవరు మొదలుపెట్టినారో గాని, తెలుగునాట శవము లేచిన యింటి ముందు ఈ రికార్డు పెట్టుట ఆచారమయినది. అంతిమయాత్ర బండిమీద ఇదే. ఆసుపత్రినుండి వచ్చు వాహనములో ఇదే. నేను ఒక ఉదయమున మా యింట మొదటి అధ్యాయము పెట్టి కూర్చుండగా పది నిమిషములు గడువకముందే పొరుగింటి అవ్వ పరుగున వచ్చి, "ఏమైంది సారూ, ఎవలన్న పోయిండ్రా?" అని గుమ్మమువద్దనే నిలిచి అడిగినది. మా యింటివారు తలుపులు మూసిరి. శబ్దము తగ్గింపుమని నన్ను బతిమాలిరి. తరగతిలో పెట్టినప్పుడును అంతే. మొదటి స్వరము వినగానే పిల్లలు ఒకరి ముఖము లొకరు చూచుకొని బిక్కచచ్చిపోయినారు.

యుద్ధము చేయనని కూలబడినవానిని లేపి నిలబెట్టుటకు చెప్పిన గ్రంథము గదా గీత! బ్రతికినవానికి పనికివచ్చు మాటలను మనము పోయినవానికి వినిపించుచున్నాము. ఆ కంఠమునకు అంత శక్తి ఉండుటయే ఈ దుర్గతికి కారణమేమో. తలుపులు మూసికొనియైనను మొత్తము విన్నాను. అనుష్టుప్పు ముప్పదిరెండక్షరముల చిన్న శ్లోకము. అదే నడక నూరుమార్లు వచ్చిన విసుగు పుట్టవలెను. పుట్టలేదు. సందర్భము మారినప్పుడెల్ల రాగము మారినది. విశ్వరూపమువద్ద కంఠము పెరిగినది, అర్జునుని భయమువద్ద చిన్నదయినది. తెలుగు తాత్పర్యము చెప్పునప్పుడు ఆయన పాటగాడు కాడు. అరుగుమీద కూర్చుండి చెప్పు ఇంటిపెద్ద. పుష్పవిలాపమున నన్ను ఆపిన కన్నీరు ఇక్కడ లేదు. శోకము వలదని చెప్పు గ్రంథమును శోకము లేకుండ పాడినారు. నా చెవికి ఘంటసాల రికార్డులలో ఇదియే పెద్దది. దీనిని శవయాత్రనుండి విడిపించి పాఠశాలకు తెచ్చుట మతబోధ అగునని కొందరు శంకింతురు. నేను కోరునది ఉచ్చారణకు, శ్లోకము నడకకు ఒక పాఠముగా మాత్రమే. అందుకైనను ముందు ఆ భయము వదలవలెను.

ఈ వరుస ముగించి జాబితా చూచుకొనగా ఒక సంగతి కొట్టవచ్చినట్లు కనబడినది. ఇవన్నియు మదరాసు స్టూడియోలనుండి వచ్చినవి, లేదా ఆ దారిలో నడిచినవారివి. మా ప్రాంతపు గొంతు ఏది? సిరిసిల్ల సీమలోని హనుమాజీపేటలో 1931లో పుట్టి, ఉర్దూ మాధ్యమమున చదువుకొన్న సి. నారాయణరెడ్డిగారు 1962లో గులేబకావళి కథ చిత్రమునకు పాటలు వ్రాసి మదరాసును ఆకట్టుకొన్నారు. ఆ పాటలు విన్నప్పుడు నాకు గర్వము కలిగినది. కాని పాడినవారు ఘంటసాల, సుశీలలే. మన జిల్లా మాటగా మదరాసు చేరినది, గొంతుగా చేరలేదు. అదే హనుమాజీపేటవారైన ఒగ్గుకథ మిద్దె రాములుగారు వేలమంది నడుమ డోలు మ్రోగించి మల్లన్న కథ చెప్పిన గాయకులు. ఉత్తమ రికార్డుల జాబితా వ్రాయు పెద్దల కలమునకు ఆ పేరు తగులదు.

మా భూమి చిత్రము 1980లో వచ్చినప్పుడు మాత్రము ఒక మార్పు వినబడినది. తెలంగాణ సాయుధపోరాట కాలమున బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడగా, సుద్దాల హనుమంతు కట్టిన పశులగాచు పిల్లవాని పాటను సంధ్య పాడినారు. శ్రుతి శుద్ధి, గమకము, స్థాయి అను కొలతలతో కొలిచిన ఇవి పైవాని సరసన నిలువవు. కాని ఆ రెండు పాటలు విన్నప్పుడు మా యింట తలుపులు ఎవరును మూయలేదు. మా యింటివారు వంటయింటినుండి వచ్చి గుమ్మమువద్ద నిలబడి తుదివరకు విన్నారు. పశులగాచు పిల్లవాని పాటకు పుస్తకము చూడవలసిన అవసరమే కలుగలేదు. అందులోని ప్రతిమాటయు మా వాకిట తిరిగిన మాటయే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పద్యపాఠము చెప్పునప్పుడు రికార్డు తప్పక వినిపింపుడు; కాని పద్యము పిల్లవాని నోట రెండుమూడుమారులు నలిగి, యతి ఎక్కడో వాడు వ్రేలు పెట్టి చూపి, అర్థముమీద ఒక ప్రశ్నయైనను పుట్టిన తరువాత వినిపింపుడు. వినిపించునప్పుడు ముక్కలు చేయక మొత్తము వినిపింపుడు. నడుమ వ్యాఖ్యానము వలదు. ఊరిలో శతకపద్యము పాతవరుసలో చదువు వృద్ధులెవరైన మిగిలియున్న, వారిని ఒకనాడు బడికి పిలిచి, రికార్డుకు ముందే వారిచేత చదివింపుడు. ఫోను మన జేబులోనే ఉన్నది గదా, ఆ పద్యమును అందులో పట్టి ఉంచవచ్చును.

నా వరుసలో ఇంకను మిగిలినవి కలవు. బాలమురళీకృష్ణగారు పాడిన రామదాసు కీర్తనలు వినలేదు. అటకమీది ప్లేట్లలో అవి దొరకలేదు. ఫోనులో వినవచ్చును గాని, ప్లేటుమీదనే వినవలెనని మా మైకుసెట్టు పెద్దమనిషి పట్టుబట్టి కూర్చున్నాడు. కోరుట్లలో ఎవరివద్దనో ఉన్నదని ఆయనకే కబురు తెలిసినది. దసరా సెలవులకు ఇద్దరము పోయి అడుగవలెను.